కంట్రోల్ మేడం

జూన్ 3, మంగళవారం

ఈ ఇంటికి వచ్చాక మొదటిసారి రాస్తున్నాను. బడిలో పిల్లలచేత డైరీలు రాయించేదాన్ని. నేను మాత్రం ఎప్పుడూ రాయలేదు. మాట్లాడటానికి మనిషి లేనప్పుడు ఇది పనికొస్తుందని అప్పట్లో తెలీదు.

ఆయన వరండాలో ఉన్నారు. మెట్ల కింద కాఫీ తోట, తోట కింద రైలు పట్టా. కొంచెం దూరం పోయాక పట్టా మలుపు తిరిగి, కొండను కోసి చేసిన కటింగ్‌లోకి మాయమైపోతుంది. బండి వస్తే ఆయన లేచి నిలబడతారు. ఆఖరి పెట్టె కటింగ్‌లోకి వెళ్ళేదాకా నిలబడి, చెయ్యి ఊపి, అప్పుడు కూర్చుంటారు. ఇనుపరాయి మోసే గూడ్సుకైనా, అరకు చూడటానికి వెళ్ళేవాళ్ళ పాసింజరుకైనా అదే మర్యాద.

తొమ్మిదేళ్ళు ఈ కింది స్టేషన్లోనే మాస్టరుగా చేశారు. నేనూ మా అమ్మాయి సాహితీ శృంగవరపుకోటలో ఉండేవాళ్ళం, నా టీచరు ఉద్యోగం అక్కడ. ఆదివారాలు ఆయన వచ్చేవారు, లేదా మేం వచ్చేవాళ్ళం. డిసెంబరులో ఘాట్ రోడ్డు మీద స్కూటరు జారి తలకు దెబ్బ తగిలింది. ఉద్యోగం పోయింది, క్వార్టరు పోయింది. కోటలో మా ఇంటికి తీసుకెళ్తే ప్లాట్‌ఫారం ఎక్కడని వీధి వీధీ తిరిగారు. తెలిసిన చప్పుళ్ళ మధ్య ఉంచమని డాక్టరు అన్నారు. అందుకని సోములమ్మ వాళ్ళ ఇంట్లో కింది వాటా అద్దెకి తీసుకున్నాం. తీసుకున్నాను.

బడికి సెలవు పెట్టాను. కొద్ది రోజులే.

జూన్ 5

సాహితి విశాఖ నుంచి వచ్చి వెళ్ళింది. ఆఫీసులకు ఫోన్లు బిగించే కంపెనీలో పని దానిది. ఇక్కడ సెల్ సిగ్నల్ మేడెక్కితే వస్తుంది, దిగితే పోతుంది. అందుకని ఇంటర్నెట్ తీగకి తగిలించే చిన్న డబ్బా ఒకటి తెచ్చింది. దానికి రెండు మామూలు ఫోన్లు, మీటలవి. ఒకటి వరండా గుమ్మం పక్కన, ఒకటి వంటింట్లో.

"నాన్న వేళ్ళకి టచ్ ఫోన్ రావట్లేదమ్మా. మీటలు మర్చిపోలేదు చూడు" అంది.

నిజమే. రిసీవర్ చెవిన పెట్టుకోగానే ఆయన భుజాలు నిటారుగా అయ్యాయి.

జూన్ 7, శనివారం

రవిబాబు వచ్చాడు. ఆయన స్థానంలో వచ్చిన స్టేషన్ మాస్టరు. డుంబ్రిగుడ వైపు అబ్బాయి, ఆయన దగ్గరే పని నేర్చుకున్నాడట. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"ఎలా సెప్పాలో తెలీట్లేదు మేడం. సార్ రోజంతా స్టేషన్‌కి ఫోన్ సేత్తన్నారు. లైన్ క్లియర్ ఇచ్చాను, బండి ఒదిలెయ్ అంటన్నారు. మాకు సార్ గొంతు తెలుసు కాబట్టి సరిపోయింది. కొత్తోడు ఎవుడైనా ఎత్తితే?"

ఆయన వరండాలో నుంచి, "రవీ, లోడు బండి దిగుతున్నాది, సూసుకో" అన్నారు.

"సూసుకుంటాను సార్" అన్నాడు రవిబాబు. నా వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "పైవోళ్ళకి తెలిస్తే కేసు పెడతారు మేడం."

ఫోన్ పీకేద్దామనుకున్నాను. కానీ సాహితి గొంతు వినకపోతే నేనేమైపోతాను.

జూన్ 8

పీకక్కర్లేదని ఫోన్‌లో అంది సాహితి. లాప్‌టాప్‌లో ఆ డబ్బా పేజీ తెరిపించి, డయల్ ప్లాన్ అన్నచోట ఆపింది. మీట నొక్కిన అంకెలతో డబ్బా ఏం చెయ్యాలో చెప్పే ఒకే ఒక్క పంక్తి. బ్రాకెట్లు, చుక్కలు, నిలువు గీతలు. ఎక్స్ అంటే ఏ అంకె అయినా. చుక్క అంటే ఎన్నిసార్లయినా. నిలువు గీత అంటే 'లేదా'. పద్యానికి గణాలు విడగొట్టినట్టు ఉంది. నంబరు చివర ఆశ్చర్యార్థకం పెడితే ఆ నంబరు వెళ్ళదట. మేం పిల్లలకి సంతోషానికీ విస్మయానికీ అని చెబుతాం ఆ గుర్తు.

స్టేషన్ నంబరు రాసి, చివర ఆశ్చర్యార్థకం పెట్టాను. వరండా ఫోన్‌కి మాత్రమే. నా వంటింటి ఫోన్‌కి అన్నీ వెళ్తాయి.

జూన్ 9

పెట్టకుండా ఉండాల్సింది.

నంబరు నొక్కారు. కీచుమని చప్పుడు. మళ్ళీ నొక్కారు. మళ్ళీ అదే. చెమటలు పట్టాయి. "లైన్ పోయింది, లైన్ పోయింది" అంటూ వరండా అంతా తిరిగారు. నేను పట్టుకుంటే నా చెయ్యి విదిలించి పారేశారు. తోటలోంచి దిగి పట్టా మీదకి వెళ్ళిపోయారు. గూడ్సు కూత వినిపిస్తోంది. సోములమ్మ కింద మిరియం తీగలు కడుతోంది కాబట్టి సరిపోయింది. రెండు చేతులతో ఆయన నడుం పట్టుకుని లాగేసింది.

తీసుకొచ్చి అరుగు మీద కూర్చోబెట్టి, "దేని కోసం ఎల్లినాడమ్మా?" అని అడిగింది.

"ఫోన్ పలకలేదని."

"పలికిత్తే పోద్ది కదా" అంది.

జూన్ 10, మంగళవారం

ఆశ్చర్యార్థకం తీసేశాను. దాని బదులు మార్పిడి గుర్తు పెట్టాను. ఎడమవైపు ఆయన నొక్కే నంబరు, మధ్యలో రెండు చుక్కలు, కుడివైపు వంటింటి ఫోన్ నంబరు. ఆయన నొక్కేది స్టేషన్‌కి. మోగేది నా పొయ్యి పక్కన.

అన్నం వారుస్తుంటే మోగింది. ఎత్తాను. ఏమనాలో అనుకోలేదు.

"హలో, ఎవరు మాట్లాడుతున్నారు?" ఆయన గొంతే, కానీ నేనెరగని గొంతు.

"కంట్రోల్" అన్నాను.

ఇరవై నాలుగేళ్ళుగా ఆయన నోట విన్న మాట అది. కంట్రోల్ అడిగారు, కంట్రోల్ ఊరుకోదు, కంట్రోల్‌తో మాట్లాడి వస్తాను. ఎక్కడో గదిలో కూర్చుని లైను మీద బళ్ళన్నింటినీ నడిపించే మనిషి. ఆదివారం భోజనం మధ్యలో నేను లేవమన్నా లేవని ఈయన, ఆ ఫోన్ కోసం లేచేవారు.

"నమస్తే మేడం. పాసింజరు దాటిపోయింది. లైన్ క్లియర్."

"సరే మాస్టారూ. నోట్ చేశాను."

"థాంక్యూ మేడం."

గోడకి అటువైపు ఆయన రిసీవర్ పెట్టి, హాయిగా నిట్టూర్చడం వినిపించింది.

జూన్ 14

బాగానే ఉంది. ఎవరికీ ఇబ్బంది లేదు.

జూన్ 21, శనివారం

నంబరులో అంకెలు తడబడుతున్నారు. నిన్న ఎవరో నర్సీపట్నం ఆవిడకి లైన్ క్లియర్ ఇచ్చారట, ఆవిడ తిరిగి చేసి తిట్టింది. సాహితిని అడిగితే ఇంకో పద్ధతి చెప్పింది. రిసీవర్ ఎత్తగానే, ఏ మీటా నొక్కకముందే, వంటింట్లో మోగుతుంది. ఇంక ఎక్కడికీ పోదు.

"ఎక్కడికీ పోదు అంటే ఎక్కడికీ పోదమ్మా" అంది సాహితి. "నీకేదైనా అయితే నాన్న 108కి కూడా చెయ్యలేరు. నాక్కూడా చెయ్యలేరు."

"నాకేమవుతుంది? కొద్ది రోజులే కదా."

తర్వాత, "పాతదంతా తుడిచేసి ఇది రాయి" అని చెప్పింది. పాతదానికంటే చాలా చిన్న పంక్తి.

ఎత్తగానే పలకడం చూసి ఆయన మురిసిపోయారు. అసలు కంట్రోల్ ఫోన్ అలాగే ఉండేదట. అంకెలుండవు, ఎత్తితే చాలు. "మన స్టేషన్‌కి కొత్త ఫోన్ ఇచ్చేరు" అని సోములమ్మకి చూపించారు.

జూలై 2

మాత్రలు వేసుకోనని నోరు బిగించారు. ఉదయం నుంచీ బతిమాలి, విసిగి వంటింట్లోకి వచ్చేశాను. ఫోన్ మోగింది. గూడ్సు దాటిందని చెప్పారు.

"మాస్టారూ, డాక్టరు మాత్రలిచ్చారట కదా. వేసుకున్నారా? డ్యూటీకి ఫిట్‌గా ఉండాలి."

"వేసుకుంటాను మేడం."

వరండాలోకి వెళ్ళేసరికి గ్లాసు ఖాళీ.

జూలై 3

స్నానం కూడా.

జూలై 9, బుధవారం

ఇప్పుడు ఆయనకి ఏం చెప్పాలన్నా కంట్రోలే చెబుతోంది. భోజనం, గడ్డం, మధ్యాహ్నం పడుకోవడం. నేను ఎదురుగా వెళ్ళి నిలబడితే మొహం పక్కకి తిప్పుకునే మనిషి, కంట్రోల్ చెబితే 'యెస్ మేడం' అంటారు.

సోములమ్మ ములక్కాడలు ఇవ్వడానికి వచ్చి, నేను ఫోన్‌లో మాట్లాడటం చూసింది. వరండాలోకి తొంగిచూసింది. మళ్ళీ నన్ను చూసింది.

"ఏటమ్మా, ఒక్క ఇంట ఉండి ఫోన్ల మాటాడుకుంతన్నారు?"

"అలా అయితే వింటారు."

"నువ్వు?" అంది.

ఏమడిగిందో నాకు సరిగ్గా అర్థం కాలేదు. ములక్కాడలు లేతగా ఉన్నాయి, పులుసు పెట్టాను.

జూలై 15

ఇల్లు కదలడానికి లేదు. ఎత్తగానే పలకకపోతే ఆయన మళ్ళీ పట్టా మీదకి పోతారు. మొన్న సంతకి వెళ్దామని చీర కట్టుకుని, చెప్పులు కూడా వేసుకున్నాను. మోగింది. వచ్చి ఎత్తాను. పెట్టేసి గుమ్మం దాకా వెళ్ళాను. మోగింది. చెప్పులు విప్పేశాను. సోములమ్మ చేత కూరలు తెప్పించుకున్నాను.

స్నానానికి వెళ్తూ కూడా తలుపు తెరిచి పెడుతున్నాను.

జూలై 17

కటింగ్ దగ్గర బండ పడిందని ఫోన్ చేశారు. తోట చివరిదాకా పరిగెత్తి చూశాను. ఏమీ లేదు. పట్టా తళతళలాడుతోంది. అది ఎప్పటిదో, ఆయన కొత్తగా వచ్చిన ఏడాది వానల్లో పడిన బండ. అది ఇవాళ ఆయన తలలో పడింది.

జూలై 26, శనివారం

అడగకూడదు. అడిగాను.

"మాస్టారూ, ఇంట్లో మీ ఆవిడ ఉన్నారట కదా. బాగా చూసుకుంటున్నారా?"

అవతల చినుకుల చప్పుడు. అదే చినుకులు నాకు కిటికీలోంచీ వినిపిస్తున్నాయి.

"సూసుకుంటది మేడం. పాపం ఉద్యోగం మానుకుని ఒచ్చీసింది. కానీ మాటాడదు. కంచం పెడద్ది, ఎల్లిపోద్ది. నామీద ఏటో కోపం. అడగడానికి బయ్యం."

"కోపం కాదేమో."

"మీకు తెలీదు మేడం. మీలాగ ఇనదు ఆవిడ."

నాకు కోపం లేదు. ఎందుకుంటుంది? ఇది ఆయన తప్పు కాదు. నాకు కోపం లేదు.

జూలై 27

నాకు కోపం లేదు.

ఆగస్టు 6

కాల్స్ ఎక్కువయ్యాయి. బండి లేకపోయినా చేస్తున్నారు. ఈ లైను వేసేటప్పుడు సొరంగాల్లో పనిచేసిన ముసలాళ్ళు చెప్పిన కథలు, లోడు బండి దిగేటప్పుడు బ్రేకుల వాసన ఇంటిదాకా ఎలా వస్తుందో, సాహితి పుట్టినరోజున డ్యూటీ మార్చుకోలేకపోయినందుకు స్టేషన్ వెనక కూర్చుని ఏడ్చిన సంగతి. నాకెప్పుడూ చెప్పలేదు. నాకు చెప్పలేదు ఇప్పుడు కూడా.

పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. వింటూనే ఉన్నాను.

ఆగస్టు 12, మంగళవారం

విసుగ్గా ఉంది. మోగితే ఒళ్ళు మండుతోంది. మోగకపోతే ఏమైందోనని వెళ్ళి చూస్తున్నాను.

ఆగస్టు 17

మూడు రోజులుగా వాన. తోటలో నుంచి ఎర్రనీళ్ళు పట్టా వైపు పారుతున్నాయి. బట్టలారక ఇల్లంతా ముక్కిన వాసన. హెడ్మిస్ట్రెస్ కబురు పెట్టింది, నాతో మాట్లాడాలట. రేపు ఉదయం చేస్తానంది.

ఆగస్టు 22, శుక్రవారం, అరకు ఆస్పత్రి

ఇప్పటికి తీరింది. జరిగింది జరిగినట్టు రాయాలి.

సోమవారం ఉదయం వాన తగ్గలేదు. నేను హెడ్మిస్ట్రెస్ ఫోన్ కోసం చూస్తున్నాను. మోగింది. ఆయన.

"మేడం, అర్జెంట్. కటింగ్ కాడ బండ పడింది. మట్టి దిగిపోయింది, సప్పుడు ఇన్నాను. పాసింజరు ఒచ్చే టైము. ఆపండి."

జూలైలో ఇలాగే పరిగెత్తి చూసిన సంగతి గుర్తొచ్చింది. పొద్దున వానలో తడిసిన నా చీర కుచ్చిళ్ళు ఇంకా ఆరలేదు. కిటికీలోంచి చూస్తే తెల్లగా మంచు, తోట చివర కూడా కనపడటం లేదు.

"నోట్ చేశాం మాస్టారూ. బండి ఆపేశాం. మీరు టిఫిన్ తినండి."

"ఆపేరు కదా?"

"ఆపాం."

అలాగే అన్నాను. 'ఆపాం.' అంత తేలిగ్గా.

ఇంకోసారి చేశారు. పట్టా బాగుచేసే గ్యాంగ్ బయల్దేరిందా అని. బయల్దేరిందన్నాను. ఆ వెంటనే హెడ్మిస్ట్రెస్ చేసింది. ఈ నెలాఖరులోగా చేరకపోతే నా చోటు ఇంకెవరికో ఇచ్చేస్తారట. నేను ఆవిడని బతిమాలుతున్నాను. ఇంకో నెల, ఇంకొక్క నెల అని. నేను బతిమాలుతున్నంతసేపూ వరండాలో ఆయన ఎత్తి ఎత్తి పెడుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఆయనకి బిజీ టోన్ వస్తుందని నాకు తెలుసు. ఒక్క నిమిషం అనుకున్నాను.

పెట్టేసి వెళ్ళేసరికి వరండాలో లేరు. గొడుగు ఉంది. దండెం మీద ఆరేసిన నా ఎర్ర లంగా లేదు.

తోటలోంచి సోములమ్మ అరుస్తూ వస్తోంది. "అమ్మా, బాబు పట్టా కాడికి పోతన్నాడు. పిలిత్తే ఇననేదు. మీదన మన్ను జారిపోనాది, సూసినావా?"

"మన్నా? ఎక్కడ?"

"కటింగ్ నోట్లో. ఇంత బండ!" చేతులు చాపింది. చాలక ఇంకా చాపింది.

తోట చివరికి పరిగెత్తాను. మంచు ఒక్కసారి తొలగింది. పట్టా మీద ఎర్రమట్టి కుప్ప, దాని మీద ఎడ్లబండంత రాయి. ఆ కుప్ప పక్కనుంచి, కొండని ఆనుకుని, ఆయన అవతలికి పోతున్నారు. చేతిలో ఎర్రగుడ్డ. స్టేషన్ వైపుకి. బండి వచ్చే వైపుకి.

"ఏవండీ!" అని అరిచాను. వినలేదు. వినపడిందో లేదో.

అప్పుడు రెండే దారులున్నాయి. ఆయన వెనకాల పరిగెత్తడం, లేదా ఇంట్లోకి పరిగెత్తడం. ఇంట్లోకి పరిగెత్తాను. ఆయన్ని బండికి ఎదురుగా వదిలేసి ఫోన్ దగ్గరికి పరిగెత్తాను. సోములమ్మ మాత్రం ఆయన వెనకాల పోయింది.

వంటింటి ఫోన్ నుంచి స్టేషన్‌కి చేశాను. రవిబాబు ఎత్తాడు.

"రవీ, కటింగ్‌లో బండ పడింది."

"మేడం, సార్ మళ్ళీ..."

"ఆయన కాదు, నేను. నా కళ్ళతో చూశాను. బండి ఆపు బాబూ."

"పాసింజరు ఇప్పుడే ఒదిలేను" అన్నాడు. రిసీవర్ బల్ల మీద పడేసిన చప్పుడు. వాకీటాకీలో డ్రైవర్ని పిలుస్తున్న అరుపులు. నేను రిసీవర్ వేలాడేసి వచ్చేశాను.

ఆ మట్టి కుప్ప ఎలా దాటానో తెలీదు. మోకాళ్ళ దాకా దిగబడ్డాను. మలుపు తిరిగితే బండి కనిపించింది. ఆగి ఉంది. దీపం వెలుగుతోంది. ఇంజనుకి ముందు, వానలో, పట్టాల మధ్య ఆయన కూర్చుని ఉన్నారు. జారిపడి మణికట్టు విరిగింది. సోములమ్మ ఆ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఉంది. డ్రైవరు గొడుగు పట్టాడు. కిటికీల్లోంచి జనం ఫోన్లతో ఫొటోలు తీస్తున్నారు.

డ్రైవరుకి వాకీటాకీలో మాట అందిన తర్వాత, బ్రేకు వేస్తుండగా మంచులో ఎర్రగుడ్డ కనపడిందట.

ఆయన డ్రైవర్ని నిలదీస్తున్నారు. "కంట్రోల్‌కి సెప్పేను. ఆపేమన్నారు. ఆపేక బండెలా ఒదిలేరు? మేడం అబద్ధం సెప్పదు. ఎలా ఒదిలేరు?"

డ్రైవరు నన్ను చూసి, పాపం అన్నట్టు తలూపాడు.

ఆగస్టు 23

ఇవాళ ఆస్పత్రికి రైల్వే వాళ్ళిద్దరు, రవిబాబు వచ్చారు. పళ్ళు తెచ్చారు. చాలా మర్యాదగా మాట్లాడారు. ఏం జరిగిందో చెప్పమని ఆయన్ని అడిగారు. ఆయన పడుకునే, పొల్లుపోకుండా చెప్పారు. మొదటిసారి ఎప్పుడు ఫోన్ చేసిందీ, ఏమన్నదీ, కంట్రోల్ ఏమన్నదీ.

"మా కంట్రోల్‌కి అలాంటి ఫోనేదీ రాలేదండి" అన్నాడు పెద్దాయన మెల్లగా.

"ఒచ్చింది. నోట్ చేసేమన్నారు. నాను డ్యూటీలో అబద్ధం ఆడలేదు ఎప్పుడూ."

పెద్దాయన ఆయన భుజం తట్టాడు. పసిపిల్లల్ని తట్టినట్టు. లేచాడు. "రెస్టు తీసుకోండి" అన్నాడు. ఆయన నావైపు చూశారు. సాక్ష్యం చెప్పమని కాదు. ఎవరైనా సరే నమ్ముతారేమోనని చూశారు.

వాళ్ళు వెళ్ళిపోతే ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. నాకు తెలుసు ఆ సంగతి.

"ఆయన చెప్పింది నిజమండి. ఫోన్ చేశారు. కంట్రోల్ ఎత్తింది. ఆ కంట్రోల్ నేనే" అన్నాను.

వరండాలోకి తీసుకెళ్ళి అంతా చెప్పాను. పెద్దాయనకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నన్ను చూడటం మానేసి నేలని చూశాడు. స్టేషన్‌కి ఇంక ఫోన్ రాకుండా చూసుకోమని మాత్రం చెప్పాడు. రవిబాబు ఆగిపోయాడు.

"బండి ఆగింది కదా మేడం."

"ఆయన చెప్పినప్పుడే ఆగాల్సింది రవీ."

"నేను ఎత్తినా నమ్ముదునో లేదో" అన్నాడు. అది ఓదార్పుకి అన్నాడేమో. అయినా నాకు కొంచెం ఊపిరాడింది.

ఆగస్టు 28, గురువారం

ఇంటికి వచ్చాం. ఆయన చెయ్యి పిండికట్టులో ఉంది. వరండా ఫోన్ వైపు వెళ్ళటం లేదు. బండి వస్తే లేవటం లేదు. మాత్రలు ఇస్తే వేసుకుంటున్నారు, పెడితే తింటున్నారు. ఏమీ పోట్లాడటం లేదు. వంటింట్లో ఫోన్ మోగటం లేదు. హాయిగా ఉండాలి.

హెడ్మిస్ట్రెస్‌కి చేసి ఈ ఏడు రాలేనని చెప్పాను. ఇష్టపూర్తిగానే అని రాయబోయాను. కాదు. ఏడుపొచ్చింది. వేరే దారి కనపడలేదు, అంతే.

ఆగస్టు 30

సాహితి వచ్చింది. ఇద్దరం కూర్చుని ఆ పంక్తి తీసేశాం. వరండా ఫోన్ నుంచి ఇప్పుడు సాహితికీ వెళ్తుంది, 108కీ వెళ్తుంది, సోములమ్మ కొడుకు సెల్‌కీ వెళ్తుంది. స్టేషన్‌కి మాత్రం వెళ్ళదు. దాని దగ్గర ఆశ్చర్యార్థకం పెట్టాం. ఎందుకు పెట్టామో ఆయనకి నేనే చెప్పాలి.

"నేను చెప్పనా?" అంది సాహితి.

వద్దన్నాను.

ఆగస్టు 31, ఆదివారం

చెప్పాను.

సాహితి బస్సెక్కాక, వరండాలోకి వెళ్ళి ఆయన పక్కన కింద కూర్చున్నాను. వాన వెలిసింది. పట్టా మీద గ్యాంగు వాళ్ళు కొత్త కంకర పోస్తున్నారు. ఆయన వాళ్ళనే చూస్తున్నారు.

"ఫోన్లో మీతో మాట్లాడింది కంట్రోల్ కాదు. నేను. జూన్ నుంచీ నేనే. ఆ రోజు బండి ఆపామని చెప్పిందీ నేనే. ఆపలేదు. మీ మాట నమ్మలేదు."

నావైపు తిరగలేదు. విన్నారో లేదో తెలీలేదు. గ్యాంగు వాళ్ళు బుట్టలు ఎత్తుకుని కటింగ్‌లోకి నడిచిపోయారు. మళ్ళీ వచ్చారు. ఇంకోసారి చెప్పాలా అనుకుంటున్నాను.

"అయితే ఆ మేడం ఇంక రారా?" అన్నారు.

"రారు."

"మంచావిడ. ఓపిగ్గా ఇనీది."

ఆవిడ మీద నాకు ఎంత అసూయ కలిగిందో ఇక్కడ తప్ప ఎక్కడా చెప్పలేను.

"నాకు చెప్పండి. నేను వింటాను" అన్నాను.

అప్పుడు తిరిగి చూశారు. చాలా రోజుల తర్వాత, మొహం పక్కకి తిప్పుకోకుండా.

"నీకు బళ్ళ గురించి ఏటి తెలుసు?"

"కొంచెం తెలుసు. వానాకాలం ఆకులు రాలి పట్టా మీద నలిగితే చక్రాలు జారతాయి. అప్పుడు ఇసక వదులుతారు. ఇంజన్లోనే ఉంటుంది ఇసక."

"ఎవులు సెప్పేరు?"

"మీరే."

ఆలోచించారు. గుర్తు రాలేదు. అయినా మాట సరైనదే కాబట్టి తలూపారు. కట్టు లేని చేత్తో పక్కనున్న కుర్చీని కొంచెం జరిపారు.

"ఇంకా సానా ఉంది" అన్నారు. "కిందెందుకు, ఇలా కూకో."